మా ఇంటి ముందు జాగాలో ట్రాక్టర్ కాపురం

ఉద్యోగాల నుంచి దిగిపోయిన మగవాళ్ళు మా నాచారం గల్లీలో తలా ఒక వ్యాపకం పెట్టుకున్నారు. ఎదురింటాయన మిద్దె మీద పాత బకెట్లలో టమాటాలు వేశాడు. మూలింటాయన పొద్దున్నే తెల్ల బూట్లు తొడుక్కుని ఉప్పల్ స్టేడియం దాకా నడిచి, వచ్చేటప్పుడు ఆటోలో వస్తాడు. మా నాన్న ట్రాక్టర్ తెచ్చాడు.

కొనుక్కొచ్చాడని కాదు. అది మాదే. జనగామ వైపు మా ఊళ్ళో ఉన్న కాస్త చెలకను కౌలుకిచ్చేశాం. కౌలుకు తీసుకున్నాయనకు తన ట్రాక్టర్ తనకుంది. మాది పశువుల కొట్టం పక్కన పనీపాటా లేకుండా నిలబడిపోయింది. అమ్మేద్దామా అని ఊళ్ళో ఉన్న మా కాక, నాన్న తమ్ముడు, ఫోన్లో అడిగాడు. నాన్న మరునాడు పొద్దునే బస్సెక్కాడు. మధ్యాహ్నానికి ఘట్‌కేసర్ దాటి, ఉప్పల్ రింగ్ రోడ్డులో మెట్రో పిల్లర్ల పక్క నుంచి దాన్ని నడుపుకుంటూ ఇంటికొచ్చాడు. వెనకాల కార్లన్నీ హారన్లు కొడుతుంటే జనానికి ట్రాక్టరంటే ఎంత గౌరవమో అనుకున్నాడట. ఆ మాట చాలా రోజులు చెప్పాడు. మేం దిద్దలేదు.

ట్రాలీ రాలేదు. అది కాక దగ్గరే ఉండిపోయింది. వచ్చింది ముందు భాగం ఒక్కటే, అంటే ఎక్కువ శబ్దం చేసే భాగం.

అమ్మ గేటు దగ్గర నిలబడి దాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఏడ వెడ్తవ్ దీన్ని?"

"ముందు జాగాల."

"మరి మేమేడుండాలె?"

ఆ ముందు జాగా సంగతి చెప్పాలి. మాది కింద రెండు గదులు, పైన ఒక వాటా ఉన్న ఇల్లు. గేటుకూ తలుపుకూ మధ్య రేకులు కప్పిన స్థలం ఒకటుంది. అమ్మ చాలా ఏళ్ళుగా ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆ హాస్టల్ ఓనరు ఎండాకాలం సెలవులతో హాస్టల్ మూసేస్తున్నానని ముందే చెప్పేసింది. అమ్మ ఏడవలేదు, దిగులు పడలేదు. ఇంటికొచ్చి రేకుల కింద నిలబడి చేతులు చాచి కొలుచుకుంది. ఇక్కడ పొయ్యి, ఇక్కడ బల్ల, ఇక్కడ గిన్నెలు. కర్రీ పాయింట్. మా చుట్టుపక్కల గదుల్లో కుర్రాళ్ళు అన్నం వండుకోగలరు, కూర దగ్గరకొచ్చేసరికి ఆగిపోతారు. వాళ్ళ కోసం.

"ఇన్నేండ్లు పరాయోళ్ళ పొయ్యి కాడ నిల్సున్న. ఇగ నా పొయ్యి కాడ నేను నిల్సుంట" అంది అమ్మ. మా అమ్మ పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు. ఆమెకు ఇదే పెద్ద మాట. వారం తిరక్కుండా ఆ పొయ్యి ఉండాల్సిన చోట నాన్న ట్రాక్టర్ నిలబెట్టాడు.

తీయనని నాన్న ఎప్పుడూ అనలేదు. అలా అన్నా బాగుండేది, గొడవ ఒక్కరోజులో తేలిపోయేది. ఆయన ఏమన్నాడంటే, ఇంటికి పనికొస్తది, జర సూడండి. అమ్మ ఒక గడువు పెట్టింది. కాలేజీలు తెరిచేలోపల ఇది ఇంటికి పనికొచ్చేదని చూపించాలి, లేకపోతే తీసెయ్యాలి. అమ్మ ఉద్దేశంలో అది అసాధ్యం. కానీ నాన్న నాచారం ఫ్యాక్టరీలో మిషన్ ఫిట్టర్‌గా చేసి దిగాడు. దేన్నయినా విప్పి, దేనికైనా బిగించగల మనిషికి అమ్మ అలాంటి షరతు పెట్టి ఉండకూడదు.

మొదటి ఉపయోగం నా మీద పడింది. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. అంటే వేరేవాళ్ళు చేసిన పనిలో తప్పులు పట్టడం. మా ఇంట్లో పెరిగిన పిల్లకు అంతకంటే తగిన ఉద్యోగం లేదు. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. మా గదిలో సిగ్నల్ వస్తుంది, పోతుంది, మా చుట్టాల లాగా. ట్రాక్టర్ సీటు మీద కూర్చుంటే మాత్రం నిండుగా వస్తుందని నాన్న కనిపెట్టాడు. ఎత్తు వల్లో, ఎదురింటి టవర్ వల్లో తెలియదు. రెండు రోజులు మొండికేసి మూడో రోజు లాప్‌టాప్ స్టీరింగ్ మీద పెట్టుకుని మీటింగ్‌కు కూర్చున్నాను. మా మేనేజర్ కాసేపు చూసి, ఊరికి వెళ్ళావా అని అడిగాడు. లేదు సార్, ఇంట్లోనే ఉన్నానన్నాను. ఆ తర్వాత నేను ఎప్పుడు సెలవు అడిగినా, పంట పనులా అని మర్యాదగా కనుక్కునేవాడు.

సైలెన్సర్ గొట్టం నుంచి గేటు కమ్మీ దాకా బట్టల తాడు కట్టారు. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా ఇంజన్ ఆగిపోయి ఉంటే పాడవుతుందని నాన్న రెండు మూడు రోజులకోసారి దాన్ని స్టార్ట్ చేయడంలో ఉంది. తాడు మీద ఏమున్నాయో చూసుకోవడం ఆయన పద్ధతి కాదు. పైవాటా మాస్టారి తెల్ల చొక్కాలు ఒకరోజు అలాగే నల్లబడ్డాయి. ఆయన గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. గట్టిగా మాట్లాడ్డం తెలియని మనిషి. చొక్కా ఎత్తి వెలుతురులో చూసుకుని, "పర్లేదు అన్నయ్యగారూ, ఇలాంటి రంగు నా దగ్గర లేదు" అన్నారు. నాన్న దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు.

చలికాలంలో ఇంజన్ కాసేపు తిప్పి ఆపితే బానెట్ గంటసేపు వెచ్చగా ఉంటుంది. దాని మీద దోశపిండి గిన్నె పెట్టి గోనెసంచి కప్పితే మరునాటికి పొంగి మూత లేపేది. అమ్మ ఆ దోశలు తిన్నది, ఒక్క మాట అనలేదు. ఆమె ఒప్పుకుందని నాన్న అన్నాడు. నోట్లో దోశ ఉందని నేనన్నాను. టూల్ బాక్సులో బెల్లం పెడితే గ్రీజు వాసనకు చీమలు రావని ఇంకో ఆవిష్కరణ. నిజమే, ఒక్క చీమ రాలేదు. ఆ బెల్లంతో చేసిన పరమాన్నం దగ్గరకు మేమూ వెళ్ళలేదు.

తర్వాత కందులు. కాక ఊరినుంచి కోసిన కందికట్టె ఒక ఆటో ట్రాలీ నిండా పంపించాడు, ఇంటికి సరిపడా పప్పు అవుతుందని. ఊళ్ళో అయితే కట్టెను కల్లంలో పరిచి మీద నుంచి ట్రాక్టర్ తిప్పుతారు, గింజ రాలుతుంది. నాన్నకు నాచారంలో కల్లం కనపడలేదు. గల్లీ కనపడింది. సిమెంటు రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా కందికట్టె పరిచి, ఆదివారం పొద్దున ముందుకూ వెనక్కూ తిప్పడం మొదలుపెట్టాడు. పేపర్ కోసం గేటు దాకా వచ్చిన జనం అక్కడే నిలబడిపోయారు. తిట్టడానికి నోరు తెరిచిన మూలింటాయన తన తెల్ల బూట్లతో కట్టె మీద నాలుగడుగులు వేసి, మా తాత ఇట్లనే జేస్తుండె అని, ఇంకో నాలుగడుగులు వేశాడు. కాసేపటికి బండ్లు తీసుకుని బయటికి పోవాల్సినవాళ్ళను కూడా నాన్న ఆపి, పక్క నుంచి కాదు, దాని మీది నుంచే పోండి, జర మెల్లగ పోండి అని చెప్పడం మొదలుపెట్టాడు. గ్యాస్ బండి కూడా తొక్కి పోయింది. ఆ రోజు మా పప్పు తయారీలో పాల్గొనని మనిషి గల్లీలో లేడు. ఆ తర్వాత అందరికీ తలా గిన్నెడు పంచాల్సి వచ్చింది. మాకు మిగిలింది రెండు పూటలకు. అందులో కొంచెం సిమెంటు కూడా ఉంది.

ఈ లెక్కన ఎండాకాలం వచ్చేసరికి ట్రాక్టర్ మా ఇంట్లోకి రావడం మొదలుపెట్టింది. ముక్కలుగా. ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోతే ట్రాక్టర్ బ్యాటరీ విప్పి టీవీ కింద పెట్టి కలిపాడు. ఫ్యాన్లు తిరిగాయి. వంటింట్లో వెలుతురు చాలడం లేదని అమ్మ ఎప్పుడో ఒక మాటంటే, ఒక హెడ్‌లైటు తెచ్చి పొయ్యి మీద గోడకు బిగించాడు. అది వేస్తే పోపులో ఆవగింజ కూడా ఖైదీలాగా కనపడేది. సైడు అద్దం బాత్రూంలోకి వెళ్ళింది. స్ప్రింగుల సీటు, మాస్టారికి నడుం నొప్పి అని, పైవాటా వరండాలోకి వెళ్ళింది. ఆయన దాని మీద కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతూ కొంచెం కొంచెంగా ఎగిరేవారు. మార్కులు కూడా ఆ ఏడు ఎగిరాయని పిల్లలు చెప్పుకున్నారు. సీటు పోవడంతో నేను మీటింగులకు మడ్‌గార్డ్ మీదికి మారాను.

"సూసినవా? ఎన్నిటికి పనికొచ్చిందో" అన్నాడు నాన్న.

"పనికొచ్చింది. బండి తప్ప అన్నీ పనికొచ్చినయి" అంది అమ్మ.

మార్చి అయిపోయింది, హాస్టల్ మూతబడింది. అమ్మ తన పెద్ద గంటె ఒకటి మాత్రం గుర్తుగా తెచ్చుకుంది. దాన్ని వంటింట్లో గోడకు తగిలించి రోజూ చూసేది. నాన్న కూడా చూసేవాడు, కానీ వెంటనే వేరే వైపు తిరిగేవాడు.

మరి అమ్ముదామా అంటే నాన్నకు హఠాత్తుగా క్యాలెండర్ మీద భక్తి పుట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి తిథి చూడగా నేను చూడలేదు. జీతం వచ్చే రోజు తప్ప ఏ రోజూ ఆయనకు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అలాంటిది, గోడకు వేలాడే రోజువారీ క్యాలెండర్లో పొద్దున్నే ఒక కాగితం చింపి, వెనకా ముందూ చదివి, ఇయ్యాల మంగళారం, ఇంట్లకెల్లి ఇనుము బయటికి పోవద్దు అనేవాడు. శుక్రవారం లక్ష్మి. శనివారం శని. అమావాస్య ముందు రోజూ వద్దు, తర్వాత రోజూ వద్దు. ఆదివారం కొనేవాళ్ళు నిద్రలో ఉంటారు. మిగిలిన రోజుల్లో వర్జ్యం సరిగ్గా కొనేవాడొచ్చే టైముకే పడేది.

నేను పాత సామాన్లు అమ్మే యాప్‌లో ఫోటో పెట్టాను. అందులో తప్పు నాదే, ఫోటో తీసినప్పుడు బానెట్ మీదా, రెండు మడ్‌గార్డ్‌ల మీదా అమ్మ గుమ్మడికాయ వడియాలు ఆరబెట్టి ఉంది. పైకప్పు రేకుల వేడికి రెండో రోజుకే గలగలమనేవి. తీయమంటే వానొస్తదేమో, ఉండనియ్యి అంది. పెట్టిన సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు. అంబర్‌పేట్ నుంచి ఒకామె, ఇవి ఇంట్లో పెట్టినవేనా, ఉప్పు ఎక్కువుంటుందా అని అడిగింది. ఉప్పల్ నుంచి ఒకాయన కిలో ఎంత అన్నాడు. ట్రాక్టర్ అమ్మకానికుందండీ అంటే, దాంతో మాకేం పనమ్మా, అది కూడా కొంటేనే వడియాలిస్తారా అని కోపానికొచ్చాడు. వడియాలన్నీ నాలుగు రోజుల్లో అమ్ముడుపోయాయి. ట్రాక్టర్ గురించి ఒక్కరూ అడగలేదు. నాన్న ఆ వారమంతా చాలా సంతోషంగా ఉన్నాడు.

అమ్మ మాత్రం ఆ ఫోన్లన్నీ విన్నది. తను చేసినవాటిని ముక్కూమొహం తెలియని వాళ్ళు అడిగి కొనుక్కుపోవడం ఆమె అంతకుముందు చూడలేదు. హాస్టల్లో పిల్లలు తిని వెళ్ళిపోయేవాళ్ళు, కూర ఎవరు చేశారని ఎవరికీ ఉండేది కాదు. అంబర్‌పేట్ ఆమె మళ్ళీ ఫోన్ చేసి బాగున్నాయని చెప్పిన రోజు, అమ్మ ఆ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ చెప్పమంది.

జూన్ వచ్చింది. కాలేజీలు తెరిచారు. గదుల్లోకి కుర్రాళ్ళు పరుపులు మోసుకుంటూ దిగారు. వెనక గల్లీలో ఎవరో కర్రీ పాయింట్ పెట్టడానికి బోర్డు రాయిస్తున్నారని ఎదురింటామె కబురు మోసుకొచ్చింది. అమ్మ ఆ సాయంత్రం కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. నాకు తెలిసి అది మొదటిసారి. ముగ్గురం అలాగే తిన్నాం. నాన్న రెండోసారి కూడా వేయించుకున్నాడు, అది ఆయన భాషలో క్షమాపణ. కానీ బండి కదల్లేదు.

దానికి తోడు వానలు పట్టుకున్నాయి. మొదటి పెద్ద వానకే నాచారంలో రోడ్డు ఏదో, నాలా ఏదో తెలియకుండా పోయింది. మాస్టారికి ఆ రోజు ఏదో ట్రైనింగ్ ఉంది, వెళ్ళకపోతే జీతం కోస్తారట. ఆటోలు లేవు. నాన్నకు ఇంతకంటే ఏం కావాలి. టీవీ కింద బ్యాటరీ విప్పాడు, పైనుంచి సీటు దింపాడు, మాస్టారిని మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా, మెడలో స్కూల్ కార్డు, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో బూట్లు పట్టుకుని, పెళ్ళికొడుకులా బయల్దేరారు. నీళ్ళలో ఆగిపోయిన కార్ల మధ్య నుంచి ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల దాకా తీసుకెళ్ళి దింపాడు నాన్న. వస్తూ వస్తూ రెండు కార్లను తాడు కట్టి లాక్కొచ్చాడు. ఇంటికొచ్చి, తడిసి ముద్దయిన బట్టలతో, గెలిచిన మొహంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇప్పుడు జెప్పు. పనికొచ్చిందా లేదా?"

అమ్మ తువ్వాలు అందించింది. "సారుకు పనికొచ్చింది. ఆ కార్లోళ్ళకు పనికొచ్చింది. ఊరందరికి పనికొచ్చింది. నాకే అడ్డమున్నది."

నాన్న తల తుడుచుకున్నాడు. ఆషాఢం పోనీ అన్నాడు. ఆషాఢంల ఏ మంచి పని షురూ జెయ్యొద్దు.

"కొనేటోడు కొనొద్దంటరు. అమ్మేటోనికి ఆషాఢమెక్కడిది?" అంది అమ్మ. నాన్న క్యాలెండర్ వైపు చూశాడు. కాగితం తిప్పి వెనక వైపు కూడా చదివాడు.

కొనేవాడు ఆ ఆషాఢంలోనే ఒక సాయంత్రం వచ్చాడు. పీర్జాదిగూడలో నీళ్ళ ట్యాంకర్లు నడుపుతాడు, అక్కడ లేస్తున్న అపార్ట్‌మెంట్లకు నీళ్ళు పోస్తాడు. ట్యాంకర్ ఉంది, లాగే ఇంజన్ పాతబడింది. ట్రాక్టర్ ఉప్పల్ నీళ్ళలో కార్లను లాగడం ఆయన కళ్ళారా చూశాడట. వెతుక్కుంటూ వచ్చాడు. తీరా మా ముందు జాగాలోకి వచ్చి చూసి, బయటికెళ్ళి ఇంటి నంబర్ మళ్ళీ చూసుకుని లోపలికొచ్చాడు. అప్పటికి బ్యాటరీ టీవీ కిందికి, సీటు పైవాటాకూ మళ్ళీ వెళ్ళిపోయాయి. లైటు వంటింట్లో. స్టీరింగ్‌కు ఉల్లిపాయల సంచి వేలాడుతోంది. గొట్టానికి మా అందరి బట్టలు. మడ్‌గార్డ్ మీద మీటింగులో నేను.

"అన్నా, బండేది?"

"గిదే" అన్నాడు నాన్న.

"గిది బండా? మీ ఇంట్ల సగం సామాను దీని మీదున్నది. దీని సామాను సగం మీ ఇంట్లున్నట్టున్నది." ఆయన చుట్టూ తిరిగి, వంగి చూసి, పెదవి విరిచాడు. నీళ్ళల్ల లాగింది గిదేనా అని మళ్ళీ అడిగాడు.

నాన్నకు ఇదే కావాల్సింది. చూసినవాళ్ళు వద్దనుకుని పోతే తన తప్పేముంది. ఆయన స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. కొంచెం ముసలిదైంది అని కూడా అన్నాడు, జాలిగా.

ఆ వచ్చినాయన వెళ్ళబోయాడు. అప్పుడు అమ్మ చాయ్ పట్టుకుని బయటికొచ్చింది. ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడింది.

"ఇడిసిపెట్టు తమ్మీ. చాయ్ దాగి పో. అది స్టార్ట్ గాదు. ఎన్నడో సచ్చిపోయింది ఇంజన్. మా ఆయనకు గూడ అది జేయరాదు. తూకానికేసుకునేటోడు ఎవడన్న ఉంటే జెప్పు."

నేను అమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. చాయ్ గ్లాసు అంచు తుడుస్తోంది.

నాన్న స్తంభం వదిలేశాడు. "ఎవలికి జేయరాదు?"

"ఏమో, నువ్వే అంటివి గద ముసలిదైందని."

"ముసలిదైందన్న. సచ్చిందన్ననా?"

"సచ్చిందానికి ముసలిదానికి పాత ఇనుపోడు ఒకటే తూకమేస్తడు" అంది అమ్మ, ఇంకా మెత్తగా.

ఎన్ని నెలలుగా ఎన్ని మంగళవారాలు అడ్డం పెట్టి కాపాడుకున్నాడో ఆ మనిషి మరిచిపోయాడు. ఫ్యాక్టరీలో ఆయన బిగించిన మిషన్ తిరగలేదని ఒక్కరు కూడా అనలేదు. చొక్కా చేతులు మడిచాడు. లోపలికెళ్ళి బ్యాటరీ పీకాడు. కరెంటు లేని వేళ, ఫ్యాన్లు ఆగాయి, మడ్‌గార్డ్ దిగాల్సి వచ్చి నా మీటింగ్ మధ్యలో పోయింది, మా మేనేజర్ మొహం నోరు తెరిచి అలాగే బిగిసిపోయింది. "బిడ్డా, లైటు విప్పుకరా. పాన టీవీ కాడున్నది" అని కేక. నేను పొయ్యి గట్టు ఎక్కి లైటు విప్పాను, బాత్రూంలోంచి అద్దం తెచ్చాను. మాస్టారు తను కూర్చున్న సీటు తనే నెత్తిన పెట్టుకుని మెట్లు దిగారు. అమ్మ బట్టలన్నీ తీసేసింది, ఉల్లిపాయల సంచి విప్పింది, టూల్ బాక్సులో బెల్లం ముద్ద తీసి పక్కన పెట్టింది. అంత తొందరగా ఆమె ఇల్లు సర్దడం నేను ఎప్పుడూ చూడలేదు.

తాళం తిప్పగానే పలికింది. దగ్గలేదు, వణకలేదు. నాన్న కొనేవాడి మొహంలోకి చూశాడు. చాలదన్నట్టు ఆయన్ని ఎక్కించుకుని లాలాపేట్ ఫ్లైఓవర్ దాకా తీసుకెళ్ళాడు, ఎత్తు ఎట్లెక్కుతదో సూద్దువు పా అని. తిరిగొచ్చేసరికి ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉన్నారు. నాన్న ఇంజన్ చప్పుడు ఎలా వినాలో, క్లచ్ ఎక్కడ కొంచెం గట్టిగా ఉంటుందో, చలికి ఎలా స్టార్ట్ చేయాలో అన్నీ చెబుతున్నాడు. ఆ వచ్చినాయన భక్తిగా వింటున్నాడు. విని విని, ఖాయం చేస్తున్నానన్నా అని చేయి చాపాడు. నాన్న ఆ చేయి పట్టుకుని ఊపాడు కూడా. ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు.

"ఇయ్యాల మంగళారం గద" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

"బుధారం. పొద్దున కాయితం చింపలే నువ్వు" అంది అమ్మ.

ఆషాఢమని ఒక్కసారి గొణిగాడు. "నీళ్ళకు ఆషాఢముంటదా అన్నా?" అన్నాడు ట్యాంకర్ ఆయన. మాస్టారు గట్టిగా నవ్వారు. నాలుగేళ్ళుగా ఆయన పైన ఉంటున్నారు, ఆ నవ్వు మేం మొదటిసారి విన్నాం.

బండి గేటు దాటాక ముందు జాగా మేం అనుకున్న దానికంటే పెద్దదని తెలిసింది. నేల మీద నల్లటి నూనె మరక ఒకటి మిగిలింది. అమ్మ సర్ఫ్ వేసి, సోడా వేసి, ఇటుక పెట్టి రుద్దింది. పోలేదు. చివరికి దాని మీద పొయ్యి పెట్టేసింది. బల్ల నాన్నే చేశాడు. మామూలుగా మేకులు కొడితే సరిపోయే చోట బోల్టులు బిగించాడు. భూకంపం వచ్చి నాచారమంతా పోయినా కూరలు ఒలకవు.

ట్రాక్టర్ పోయాక నెల రోజులు మా ఇల్లు కుంటుకుంటూ నడిచింది. కరెంటు పోతే ఫ్యాన్లు లేవు. బట్టలకు తాడు కట్టే చోటు లేదు. నేను మీటింగుల కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కాను. దోశలు అట్టల్లా వచ్చాయి. అయినా రెండు పూటలా గేటు ముందు కుర్రాళ్ళు వరుస కట్టేవాళ్ళు. వెనక గల్లీ కర్రీ పాయింట్ అన్నది ఉత్త పుకారు, వాళ్ళు రాయించింది జిరాక్స్ షాపు బోర్డు. నాన్న అమ్మ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగేవాడు, ఒక్కో ముక్క ఎత్తి వెలుతురులో సమంగా ఉందో లేదో చూసుకుంటూ. "గవి మిషన్ పార్టులు గావు, జల్ది కొయ్యి" అని అమ్మ గదమాయించేది. ఆమె గొంతులో అలాంటి గదమాయింపు హాస్టల్ రోజుల్లో ఎప్పుడూ లేదు. అక్కడ ఆమె గదమాయింపులు వినేది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, అంటే ఇప్పుడు. బోర్లు ఎండిపోయాయి. కూరలు కడగడానికి, గిన్నెలు తోమడానికి నీళ్ళు చాలవు. అమ్మకు తెలిసిన ట్యాంకర్ ఆయన లోకం మొత్తంలో ఒక్కడే. ఆమే ఫోన్ చేసింది. దీనికి నేను సాక్ష్యం.

మధ్యాహ్నం, సరిగ్గా జనం వచ్చే వేళకు, గల్లీ మలుపులో చప్పుడు వినపడింది. నాన్న ఉల్లిపాయ కోస్తున్న చేయి ఆపి తల ఎత్తాడు. ఇంకా ఏమీ కనపడలేదు. "క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతుండు దొంగ" అన్నాడు, లేచి చెప్పులు వెతుక్కుంటూ.

ఎవరో కుర్ర డ్రైవర్ నడుపుతున్న మా పాత ట్రాక్టర్, వెనక ట్యాంకర్‌తో వచ్చి మా గేటు ముందే ఆగింది. నీళ్ళ గొట్టం మా నేల కింది సంపు దాకా రావాలంటే అక్కడే ఆగాలి. కొనడానికి వచ్చిన కుర్రాళ్ళు ట్రాక్టర్‌కు అవతల, అమ్మా, కూరలూ ఇవతల. ఎవరికీ ఎవరూ కనపడరు. వంకాయ ఉందా ఆంటీ అని చక్రం వెనక నుంచి ఒక గొంతు అడిగింది. అమ్మ గంటె పట్టుకుని బయటికొచ్చింది. నాన్న అప్పటికే బానెట్ ఎత్తి లోపల తల పెట్టాడు, డ్రైవర్‌కు ఆయిల్ గురించి క్లాసు పీకుతున్నాడు. సంపు నిండేదాకా తీయడానికి లేదని డ్రైవర్ భయం భయంగా చెప్పాడు.

"అమ్మినంక గూడ తెచ్చి ఈడ్నే వెట్టినవా?" అంది అమ్మ.

"నేనేడ వెట్టిన? నువ్వే గద పిలిచింది" అన్నాడు నాన్న, బానెట్ లోపల నుంచి.

అమ్మ డ్రైవర్‌కు అన్నం, కూర ముందుగా కట్టించి ఇచ్చింది, తిని తొందరగా పోతాడని. కుర్రాళ్ళు చక్రాల పక్క నుంచి ఒక్కొక్కరుగా దూరి లోపలికొస్తున్నారు. నాన్న బానెట్ మూశాడు. కాసేపు దాని మీద చేయి పెట్టి చూసి, లోపలికెళ్ళి చారు గిన్నె తెచ్చి దాని మీద పెట్టాడు. పొయ్యి ఒకటే ఉంది, దాని మీద వంకాయ ఉడుకుతోంది, చారు చల్లారిపోతోందని పొద్దుటి నుంచీ అమ్మే గొణుగుతోంది.

అమ్మ ఆ గిన్నెనూ, నాన్ననూ చూసింది. మరో నలుగురికి కూరలు కట్టిచ్చాక, గిన్నె దింపెయ్యడానికే అన్నట్టు గంటెతో సహా వచ్చింది. మూత తీసింది. చారులోంచి ఆవిరి లేస్తోంది. మూత మళ్ళీ పెట్టి నా వైపు తిరిగింది.

"సంపు నిండినంక జర ఆగి తియ్యమను ఆ పిలగాన్ని" అంది. "చారు అయిపోయిందాంక."